సస్పెన్సివ్ అంటే వాయిదానా, సందేహమా?

ప్రశ్న: మేడమ్, మాది హనుమకొండ. చిక్కడపల్లిలో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. పాలిటీలో రాష్ట్రపతి వీటో అధికారాలు, అంటే బిల్లుని ఆపే అధికారాలు, చదువుతూ సస్పెన్సివ్ వీటో దగ్గర ఆగిపోయాను. మా మెటీరియల్లో తాత్కాలిక వీటో అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ తీస్తే ఆ మాటకి 'ఆపి ఉంచేది' అన్న అర్థంతో పాటు ఎటూ తేల్చుకోలేని, సందేహంలో ఉన్న, వేలాడే అని పాత అర్థాలు కూడా ఉన్నాయి. ఒక్క మాటకి ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? ఇంకో విషయం, ఇది అడగొచ్చో లేదో తెలీదు. రెండు పరీక్షలు రాశాను, ఒకదాని రిజల్ట్ ఇంకా రాలేదు, ఈలోగా ఒక ప్రైవేట్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది, వాళ్ళకి అవుననీ చెప్పలేదు కాదనీ చెప్పలేదు. 'నువ్వు ఏదీ తేల్చవు' అంటున్నారు నాన్న. డిక్షనరీలో ఆ పాత అర్థం చదివితే నా గురించే రాసినట్టు అనిపించి ఏడుపొచ్చింది.

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. ఆ మాట చూసి ఏడవాల్సిన పనే లేదు, దాని కథంతా తెలిస్తే నువ్వే ఒప్పుకుంటావు. ముందు మాట సంగతి చెప్తాను, ఆ తర్వాత నీ సంగతికి వస్తాను, కొంచెం ఓపిగ్గా చదువు, ఎందుకంటే నాకు ఈ మాట అంటే చాలా ఇష్టం, ముప్పై ఏళ్ళు బ్యాంకులో పని చేసినప్పుడు దీని చుట్టమైన ఇంకో మాటతో రోజూ కుస్తీ పట్టినదాన్ని, ఆ గొడవ కూడా వస్తుంది మధ్యలో.

లాటిన్లో సుస్పెండెరె అని ఒక క్రియ ఉంది. కింద నుంచి పైకెత్తి వేలాడదీయడం అని దాని అర్థం, అంతే. మన ఇళ్ళల్లో పిల్లికి అందకుండా పాలకుండని ఉట్టి మీద పెట్టేవాళ్ళు చూడు, అదీ పని. కుండ నేల మీదా లేదు, ఎవరి చేతిలోనూ లేదు, మధ్యలో తాడుకి ఉంది, కొంచెం గాలి తగిలినా ఊగుతుంది. ఆ ఊగుడు చూసి రోమన్లు మనసుకి కూడా అదే మాట వాడేశారు, సుస్పెన్సుస్ అంటే వేలాడుతున్న వస్తువూ అవుతుంది, ఏమవుతుందో తెలీక కంగారు పడే మనిషీ అవుతాడు. దాన్నుంచి మధ్యయుగపు లాటిన్లో సుస్పెన్సీవుస్, ఫ్రెంచిలో సుస్పాంసీఫ్, పదహారో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి సస్పెన్సివ్. కాబట్టి డిక్షనరీలో నువ్వు చూసిన అర్థాలు వేరువేరు మాటలు కావమ్మా, ఒక్కటే ఉట్టి. కుండని పైన పెట్టిన చెయ్యి వైపు నుంచి చూస్తే 'ఆపి ఉంచేది', కింద నిలబడి ఎప్పుడు దించుతారా అని చూసే వాడి వైపు నుంచి చూస్తే 'ఆలస్యం', ఆ కుండే నీ మనసైతే 'సందేహం'.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. వేలాడటానికీ తూకం వెయ్యడానికీ లాటిన్లో ఒకటే వేరు, పెండ్. పూర్వం తక్కెడ వేలాడదీసి తూచేవాళ్ళు కదా, డబ్బు కూడా లోహం తూచి ఇచ్చేవాళ్ళు. అందుకే తూచి ఇచ్చింది పెన్షన్ అయింది, వేలాడేది పెండింగ్ అయింది, గడియారంలో ఊగేది పెండ్యులం, ఒకరి మీద వేలాడితే డిపెండ్, మనసులో తూచుకుంటే పాండర్. నాతో రిటైర్ అయినవాళ్ళు ఫోన్ చేసి 'పెన్షన్ పెండింగ్‌లో ఉంది' అన్నప్పుడల్లా పాపం వీళ్ళు ఒకే వేరుని రెండు సార్లు పలుకుతున్నారు అనుకుంటాను. అది పక్కన పెట్టు. నీకు పనికొచ్చేది ఏంటంటే, తక్కెడ ముల్లు ఊగుతున్నంత సేపూ కొట్టువాడు బరువు చెప్పడు, ఆగుతాడు. ఆ ఆగడాన్ని ఎవరూ బద్ధకం అనరు, ఆగకుండా చెప్పేవాడినే దొంగ తూకం అంటారు.

మన వైపు చూసినా ఇదే బొమ్మ కనిపిస్తుంది. డోలాయమానం అంటాం, డోల అంటే ఊయల, మనసు ఊయల్లా ఊగుతోందని. ఊగిసలాట అంటాం. త్రిశంకు స్వర్గం అంటాం, పాపం ఆయన పైకీ పోలేక కిందికీ రాలేక తలకిందులుగా ఆకాశంలో వేలాడుతున్నాడని. 'కేసు ఇంకా వేలాడుతోంది', 'ఫైలు వేలాడదీశారు' అని ఆఫీసుల చుట్టూ తిరిగే ప్రతివాళ్ళూ అంటారు, వాళ్ళకి లాటిన్ ఎవరూ నేర్పలేదు. కానీ సందేహం అనే మాట మాత్రం వేరే బొమ్మ నుంచి వచ్చింది, సంస్కృతంలో దిహ్ అంటే పూయడం, పులమడం, అన్నీ కలిపి పులిమేస్తే ఏది ఏదో కనపడదు, అది సందేహం, అదే వేరు నుంచి సందిగ్ధం. ఇంగ్లీషు డౌట్ అయితే రెండు అనే సంఖ్య నుంచి, హెజిటేట్ అయితే అతుక్కుపోవడం నుంచి, బురదలో కాలు దిగబడినట్టు. చూశావా, ఒకరికి సందేహం అంటే మసక, ఒకరికి రెండు దారులు, ఒకరికి బురద. వీటన్నిటిలో వేలాడటమే నాకు మంచిదిగా కనిపిస్తుంది, ఎందుకంటే వేలాడేదానికి పైన ఒక తాడు ఉంటుంది. ఈ తాడు మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఇంగ్లీషులోకి ఈ కుటుంబం వచ్చింది కోర్టు గుమ్మం గుండా. ఇంగ్లండ్ కోర్టుల్లో చాలా కాలం ఫ్రెంచి మాటలు నడిచాయి, ఎటూ తేలకుండా ఉన్న హక్కుని 'ఆన్ సుస్పాన్స్' అనేవాళ్ళు, దాన్నుంచే సస్పెన్స్ అనే నామవాచకం. అంటే ఇవాళ మనం సినిమాకి వాడే మాట మొదట ఆస్తి తగాదాల మాట! తర్వాత అది మనసుకి పాకింది. మొదట్లో సస్పెన్స్ అనే మాటనే విశేషణంగా కూడా వాడేవాళ్ళు. ఇంగ్లీషు కవి మిల్టన్ 1667లో అచ్చేసిన పారడైజ్ లాస్ట్ కావ్యం రెండో భాగంలో నరకంలో సభ ఒకటి ఉంటుంది, కొత్తగా పుట్టిన లోకం ఎక్కడుందో వెతకడానికి ఎవరు వెళ్తారు అని సైతాను అనుచరుడు బీల్జెబబ్ అడిగి కూర్చుంటాడు, కూర్చుని చుట్టూ చూస్తాడు, ఎవరు లేస్తారా, ఒప్పుకుంటారా, కాదంటారా అని, అప్పుడు అతని చూపు సస్పెన్స్ అంటాడు మిల్టన్, చూపు గాలిలో వేలాడింది అని. అందరూ నోరు మూసుకుని కూర్చుంటారు, చివరికి సైతానే లేస్తాడు. ఆ చూపు వేలాడటం అన్నది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత తర్వాత ఈ విశేషణం పని సస్పెన్సివ్‌కీ సస్పెన్స్‌ఫుల్‌కీ పోయింది, మనిషిని సస్పెన్సివ్ అంటే ఇంకా తీర్పు చెప్పకుండా మనసుని ఆపి ఉంచినవాడు అన్న అర్థం పాతబడి ఇప్పుడు పెద్ద డిక్షనరీల్లో మాత్రమే మిగిలింది. నీ కంట పడింది అదే.

సందేహానికీ వేలాడటానికీ ఎంత దగ్గర చుట్టరికమో చూడాలంటే బైబిల్లో ఒక్క వాక్యం చాలు. యోహాను సువార్త పదో అధ్యాయం, 24వ వచనం. శీతకాలం, యేసు దేవాలయంలో సొలొమోను మంటపంలో నడుస్తుంటే జనం చుట్టూ మూగి నిలదీస్తారు. మన తెలుగు బైబిల్లో 'ఎంతకాలము మమ్మును సందేహపెట్టుదువు' అని ఉంటుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోనూ అక్కడ డౌట్ అనే ఉంది. 1881లో దాన్ని దిద్ది మళ్ళీ అచ్చేసినప్పుడు ఆ డౌట్ తీసేసి మమ్మల్ని ఎంతకాలం సస్పెన్స్‌లో ఉంచుతావు అని పెట్టారు. మూలం గ్రీకులో ఏముందంటే, మా ప్రాణాన్ని ఎంతకాలం పైకెత్తి పట్టుకుంటావు అని! ఒకరు దాన్ని సందేహం అన్నారు, ఒకరు సస్పెన్స్ అన్నారు, ఇద్దరూ తప్పు కాదు. ప్రాణం పైకెత్తి పట్టుకోవడం అంటే ఏంటో రిజల్ట్ కోసం చూసే నీకు నేను చెప్పాలా.

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికి వద్దాం, సస్పెన్సివ్ అని పేరు పెట్టించుకున్న మనుషులు ఉన్నారు, అదీ తిట్టుగా కాదు, వాళ్ళ బడి పేరుగా. గ్రీసులో పిర్రో అని ఒకాయన ఉండేవాడు, అలెగ్జాండర్ దండుతో పాటు మన దేశం దాకా వచ్చి ఇక్కడి దిగంబర సన్యాసుల్ని కలిశాడని ఆయన జీవితకథలో ఉంది. ఆయన పేరు మీద నడిచిన బడి వాళ్ళు ఏమనేవాళ్ళంటే, ఏ విషయానికైనా అవును అనడానికి ఎన్ని కారణాలు ఉన్నాయో కాదు అనడానికీ అన్నే ఉన్నప్పుడు తీర్పు చెప్పకు, ఆపు. ఈ ఆపడాన్ని ఎపొఖే అన్నారు. తర్వాత కొన్ని వందల ఏళ్ళకి సెక్స్టస్ ఎంపిరికస్ అనే వైద్యుడు వీళ్ళ గురించి పుస్తకం రాస్తూ ఈ బడికి ఉన్న పేర్లు చెప్పాడు, అందులో రెండు: వెతుకుతూనే ఉంటారు కాబట్టి వెతికేవాళ్ళు అనీ, వెతికాక తీర్పు ఆపుకుంటారు కాబట్టి ఎఫెక్టిక్ అనీ. ఆ ఎఫెక్టిక్‌ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు సస్పెన్సివ్ అనే పెట్టారు. గమనించావా, వెతకడం ముందు, ఆపడం తర్వాత. వెతక్కుండా ఆపినవాడికి ఆ పేరు రాదు.

అదే పుస్తకంలో సెక్స్టస్ చెప్పిన కథ ఒకటి నాకు ప్రాణం. అపెల్లెస్ అని గొప్ప చిత్రకారుడు, గుర్రం బొమ్మ వేస్తున్నాడు, అంతా బాగా కుదిరింది గానీ నోటి దగ్గర నురగ మాత్రం ఎన్ని సార్లు వేసినా కుదరట్లేదు, వేస్తాడు చెరుపుతాడు, వేస్తాడు చెరుపుతాడు, చివరికి విసుగొచ్చి కుంచెలు తుడుచుకునే స్పాంజి తీసి బొమ్మ మీదికి విసిరికొట్టాడు. ఆ స్పాంజి తగిలిన చోట అచ్చం నురగ పడింది. ఈ బడి వాళ్ళకీ, అంటే సందేహవాదులకీ, అలాగే అయింది అంటాడు సెక్స్టస్, నిజం తేల్చుకుంటే మనసుకి శాంతి వస్తుందని తిరిగారు, తేల్లేదు, తీర్పు ఆపేశారు, ఆపగానే దేహం వెంట నీడ వచ్చినట్టు శాంతి దానంతటదే వచ్చింది. ఈ కథతో నేను పూర్తిగా ఒప్పుకోను, పరీక్షలు రాసే పిల్లకి స్పాంజి విసిరెయ్యమని సలహా చెప్పలేను కదా. కానీ తీర్పు ఆపడం కూడా ఒక పనే, చేతకానితనం కాదు అని రెండు వేల ఏళ్ళ కిందటే అంత తెలివైనవాళ్ళు అనుకున్నారన్నది నీకు తెలియాలి.

సరే, వీటో. ఫ్రెంచి విప్లవం మొదలైన ఏడాది, 1789 సెప్టెంబర్‌లో, వాళ్ళ జాతీయ సభలో పెద్ద గొడవ. సభ చేసిన చట్టాన్ని రాజు ఆపొచ్చా? పూర్తిగా ఆపొచ్చు అని కొందరు, అసలు ఆపకూడదు అని కొందరు. చివరికి మధ్యలో కుదిరింది, రాజు ఆపొచ్చు కానీ కొంతకాలమే. దానికి పెట్టిన పేరే సుస్పాంసీఫ్, సస్పెన్సివ్ వీటో. 1791 రాజ్యాంగంలో దాని లెక్క చాలా స్పష్టంగా రాశారు, రాజు ఒక డిక్రీని, అంటే సభ చేసిన చట్టాన్ని, ఒప్పుకోకపోతే తర్వాత వచ్చే రెండు సభలు ఒకదాని వెనక ఒకటి అదే డిక్రీని అవే మాటల్లో మళ్ళీ పంపితే రాజు ఒప్పుకున్నట్టే లెక్క. సభ గడువు రెండేళ్ళు కాబట్టి తక్కువ ఆలస్యమేం కాదు. పదహారో లూయీ దాన్ని బాగానే వాడాడు, దేశం వదిలి పారిపోయిన ప్రభువుల మీద డిక్రీని ఆపాడు, ప్రమాణం చెయ్యని మతగురువుల మీద డిక్రీని ఆపాడు, ప్యారిస్ దగ్గర ఇరవై వేల మంది సైనికుల శిబిరం పెడదామంటే అదీ ఆపాడు. జనం ఆయన్ని మస్యూ వీటో అనీ రాణిని మదామ్ వీటో అనీ పిలవడం మొదలెట్టారు. 1792 ఆగస్టు 10న రాజభవనం మీద దాడి జరిగిన రోజునే సభ తీర్మానం చేసింది, రాజుని ఆయన పనుల నుంచి తాత్కాలికంగా సస్పెండ్ చేస్తున్నాం అని. సస్పెన్సివ్ వీటో పట్టుకున్న రాజుకి అదే మాట ఎదురుతిరిగింది. మరుసటి ఏడాది జనవరి 21న తల తీశారు. ఇంగ్లండ్‌లో మాత్రం రక్తం లేకుండా ఇదే పని అయింది, 1911 చట్టంతో పార్లమెంటు పై సభ అయిన ప్రభువుల సభకి ఉన్న పూర్తి వీటో తీసేసి రెండేళ్ళ ఆలస్యం మాత్రం మిగిల్చారు, 1949లో దాన్ని ఏడాదికి తగ్గించారు.

మన రాజ్యాంగంలో 111వ అధికరణం నీకు కంఠతా వచ్చే ఉంటుంది. ద్రవ్య బిల్లు కాకపోతే రాష్ట్రపతి దాన్ని మళ్ళీ ఆలోచించమని వెనక్కి పంపొచ్చు, సభలు సవరణతోనో సవరణ లేకుండానో మళ్ళీ పాస్ చేసి పంపితే ఆమోదం ఆపడానికి వీల్లేదు. 2006 మేలో అబ్దుల్ కలాం గారు, ఎంపీలు ఏ ప్రభుత్వ పదవుల్లో ఉండొచ్చో చెప్పే లాభదాయక పదవుల బిల్లుని అలా వెనక్కి పంపారు, సభలు మార్పు లేకుండా మళ్ళీ పంపితే ఆగస్టులో సంతకం పెట్టారు. ఆ నెలల్లో దేశమంతా లాభదాయక పదవి అంటే ఏంటి అని మాట్లాడుకుంది, నాకు బాగా గుర్తు, మా బ్రాంచిలో టీ తాగేటప్పుడు కూడా అదే చర్చ. సస్పెన్సివ్ అంటే అదీ, ఆపారు, కారణం చెప్పారు, ఏం జరిగితే ఆపడం అయిపోతుందో ముందే రాసి ఉంది. దాని పక్కనే 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లు పెట్టి చూడు, జైల్ సింగ్ గారు సంతకమూ పెట్టలేదు, వెనక్కీ పంపలేదు, అది పాకెట్ వీటో. రెండింటిలోనూ ఆలస్యం ఉంది. కానీ ఒకదాంట్లో తాడు కనపడుతుంది, రెండోదాంట్లో కుండ ఎక్కడుందో తెలీదు. గవర్నర్ దగ్గర బిల్లులు ఆగిపోయాయని తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్తే 2023 ఏప్రిల్లో కోర్టు, గవర్నర్ ఆమోదం గురించి చెప్పే 200వ అధికరణంలో 'వీలైనంత త్వరగా' అన్న మాటని ఎత్తి చూపింది, ఆ మాట ఊరికే లేదు, దానికి విలువుంది అని. ఇది మెయిన్స్ ఆన్సర్లో తప్పకుండా రాయి.

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి, ఇది మన ఊళ్ళల్లో చాలామంది పొరపాటు పడే చోటు. అమెరికాలో లూసియానా అనే రాష్ట్రంలో ఫ్రెంచి చట్టం వాసన ఇంకా ఉంది, అక్కడ సస్పెన్సివ్ అప్పీలు అని విడిగా ఉంటుంది, పూచీ కట్టి అది వేస్తే కింది కోర్టు తీర్పు అమలు ఆగిపోతుంది. మన దగ్గర అలా కాదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5 ప్రకారం అప్పీలు వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు, స్టే విడిగా అడగాలి, కోర్టు ఇవ్వాలి. అప్పీలు వేశాం కదా అని ధీమాగా కూర్చుని పొలం పోగొట్టుకున్నవాళ్ళని నేను చూశాను. ఉద్యోగంలో సస్పెన్షన్ కూడా ఇలాంటిదే, అందరూ దాన్ని శిక్ష అనుకుంటారు. కేంద్ర ప్రభుత్వ సర్వీసు రూల్స్‌లో శిక్షల జాబితా విడిగా ఉంటుంది, అందులో సస్పెన్షన్ ఉండదు. విచారణ తేలేదాకా పక్కన పెట్టడం అది, అందుకే జీవనభృతి కూడా ఇస్తారు. తప్పు చేశాడనీ కాదు, చెయ్యలేదనీ కాదు. 'సస్పెండ్ అయ్యాడట' అని వీధంతా తీర్పు చెప్పేస్తుంది గానీ, ఆ మాట అర్థమే ఇంకా తీర్పు రాలేదు అని.

ఇక మా బ్యాంకు. నేను చేరిన కొత్తలో లెడ్జర్లు, చేతిరాత. క్యాష్ తీసుకురావడానికి వేరే ఊరి బ్రాంచికి ఒక ఆఫీసర్నీ గార్డునీ పంపేటప్పుడు ఖర్చులకి అడ్వాన్స్ ఇచ్చేవాళ్ళం, ఒకసారి 650 రూపాయలు ఇచ్చాం. బిల్లు ఇంకా రాలేదు కాబట్టి ఖర్చు అని రాయలేం, డబ్బు డ్రాయర్లోంచి వెళ్ళిపోయింది కాబట్టి ఉంది అనీ రాయలేం. అలాంటివి వెయ్యడానికి ఒక ఖాతా ఉంటుంది, సస్పెన్స్ ఖాతా. ఎక్కడికి చెందిందో తెలీని జమ వస్తే సండ్రీ, ఎక్కడ వెయ్యాలో ఇంకా తేలని చెల్లింపు అయితే సస్పెన్స్. ప్రభుత్వ లెక్కల్లో కూడా 8658 అనే పద్దు మొత్తం సస్పెన్స్ ఖాతాలదే, నువ్వు ఏ ఖజానా ఆఫీసులోనో చేరితే రోజూ చూస్తావు. ఆ 650కి నేను ఎర్ర సిరాతో తేదీ వేసి, ఎవరికి ఇచ్చాం, ఎందుకు ఇచ్చాం, ఏ కాయితం వస్తే తీసెయ్యాలి అని పక్కన రాశాను. మా హెడ్ క్యాషియర్ చూసి మెచ్చుకున్నారు, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఆడిట్ వచ్చింది, వచ్చినాయన అన్నిటికన్నా ముందు సస్పెన్స్ రిజిస్టరే అడిగారు, అడిగి మొత్తాలు చూడలేదమ్మా, తేదీలు చూశారు. పెద్ద మొత్తం అయినా తేదీ, కారణం, ఏం వస్తే తీరుతుందో రాసి ఉంటే పేజీ తిప్పేశారు. ఇరవై రూపాయల ఎంట్రీ ఒకటి ఏ వివరం లేకుండా నాలుగేళ్ళుగా పడి ఉంటే దాని మీద అరగంట కూర్చోబెట్టారు. నాకు సస్పెన్సివ్ అనే మాట నిజంగా అర్థమైంది ఆ రోజు, డిక్షనరీ తర్వాత తీశాను.

ఆలస్యానికి ఇంగ్లీషులో వేరే విశేషణం ఉంది, డైలేటరీ. లాయర్లు 'డైలేటరీ టాక్టిక్స్' అంటారు, ఎదుటివాడిని అలసగొట్టడానికి కావాలని వాయిదాలు అడగడం. అది డిఫెర్రె అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, దూరంగా మోసుకుపోవడం అని, డిఫర్ అన్న మాటలు రెండూ, తేడా పడటమూ వాయిదా వెయ్యడమూ, దాని పిల్లలే. అందులో తప్పు పట్టడం ఉంది. మన మీనమేషాలు లెక్కపెట్టడం, నాన్చడం లాగా. మీ నాన్నగారు నిన్ను అంటున్నది ఆ మాట. నువ్వు డిక్షనరీలో చూసుకుని నీకు తగిలించుకున్నది ఈ మాట. రెండూ ఒకటి కాదు, నాన్నగారికి ఆ తేడా కనపడకపోవడం ఆయన తప్పు కూడా కాదు, నువ్వు ఇంకా తేదీ రాయలేదు కాబట్టి బయటి నుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి.

అందుకని నేను చెప్పేది ఇదీ. ఉద్యోగమా, ఇంకో అటెంప్టా అన్నది నేను తేల్చను, అది నీ తక్కెడ. కానీ వేలాడదీసినదానికి తాడు కట్టు. ఒక కాయితం తీసుకో, పైన ఇవాళ్టి తేదీ వెయ్యి. దేని కోసం ఆగావో రాయి, రిజల్ట్ కోసమా, ఇంట్లో డబ్బు సర్దుబాటు కోసమా, లేక భయమా, భయమైతే భయం అనే రాయి, ఎవరూ చూడరు. ఏ తేదీ దాకా ఆగుతావో రాయి. ఆ తేదీకి రిజల్ట్ రాకపోతే ఏం చేస్తావో కూడా ఇప్పుడే రాయి, ఎందుకంటే ఆ రోజు వచ్చాక మనసు మళ్ళీ ఊగుతుంది. హాస్టల్లో గిటార్ వాయించే పిల్ల ఎవరైనా ఉంటే సస్ ఫోర్ కార్డ్ ఒకసారి వాయించమను, సస్ అంటే సస్పెండెడ్డే, ఒక స్వరాన్ని దిగాల్సిన చోట దించకుండా పట్టుకుంటారు, చెవి ఆగలేదు, తర్వాతి కార్డుకి దిగగానే ఊపిరి వస్తుంది. ఎక్కడికి దిగాలో తెలిసి పట్టుకుంటారు కాబట్టే అది బాగుంటుంది.

ఆ కాయితం నాన్నగారికి చూపించు, ఫోన్లో కాదు, ఈ ఆదివారం హనుమకొండ వెళ్ళి చూపించు. వాదించకు. 'నాన్నా, ఫలానా తేదీ దాకా ఆగుతున్నాను, ఆ రోజు చెప్తాను' అని మాత్రం చెప్పు. ఆ కంపెనీ వాళ్ళకి రేపే మెయిల్ పెట్టు, అవును కాదు అని ఇప్పుడే చెప్పక్కర్లేదు, జాయినింగ్ తేదీకి ఎన్ని రోజులు గడువు ఇవ్వగలరు అని మర్యాదగా అడుగు, చాలా కంపెనీలు అడిగితే ఎంతో కొంత ఇస్తాయి, జవాబు చెప్పకుండా ఉన్నవాళ్ళకి మాత్రం ఏమీ ఇవ్వరు. వాళ్ళు ఏ తేదీ చెప్పారో నాకు రాయి, అది నువ్వు కాయితం మీద రాసుకున్న తేదీకన్నా ముందు వస్తే ఏం చెయ్యాలో అప్పుడు కూర్చుని ఆలోచిద్దాం.